చెంబు బొమ్మ

విజయవాడలో ఒక మధ్యతరగతి కుటుంబం నివసించే ఫ్లాటులో, ముందుగది గోడకు ఒక పెన్సిలు చిత్రం వేలాడుతూ ఉంటుంది. దానికి ఒక ప్రక్క గడియారం, మరొక ప్రక్క క్యాలెండరు. చిత్రానికి రంగులు లేవు. సన్నని నల్లచెక్క చట్రం, తెల్లని కాగితం, ఆ కాగితం నడుమ ఒక ఇత్తడి చెంబు. చెంబు ప్రక్కన పువ్వు లేదు, పండు లేదు, వెనుక కిటికీ లేదు. అది పీట మీద ఉన్నదని తెలియజేయడానికి క్రింద ఒకే ఒక అడ్డగీత ఉన్నది. ఎడమవైపు నుండి వెలుగు పడుతున్నది. కుడివైపున పలుచని నీడ పీట మీదికి జారి, కాగితం అంచును చేరకముందే మాసిపోతున్నది.

ఇంటికి క్రొత్తగా వచ్చినవారు ఆ బొమ్మను చూసి ఆశ్చర్యపడతారు. దేవుని పటమో, పెద్దల ఛాయాచిత్రమో ఉండవలసిన చోట చెంబు ఎందుకని అడుగుతారు. కొందరు అడగక, నవ్వి ఊరుకుంటారు. ఆ ప్రశ్నకు ఇంటివారు ఒక్కమాటలో సమాధానం చెప్పలేరు. ఆ బొమ్మ ఒక్కసారిగా పుట్టినది కాదు. మూడుసార్లు గీస్తే గాని కాగితం మీది చెంబు ఆ ఇంటి చెంబు కాలేదు.

ఒకప్పుడు తెలుగువారి ఇంట చెంబుతో పనిపడని వేళ ఉండేది కాదు. ఎండనపడి వచ్చిన అతిథికి కాళ్ళు కడుక్కొనడానికి ముందు చెంబుతో నీళ్ళు అందించేవారు. కుశలప్రశ్నలు ఆ తరువాతనే. భోజనాల బంతిలో మంచినీళ్ళు చెంబుతోనే పోసేవారు. వివాహవేళ కన్యాదానపు నీటిధార చెంబు నుండే జారేది. వ్రతంనాడు మామిడాకులు, కొబ్బరికాయ ధరించి అదే చెంబు కలశమై పూజలందుకొనేది. దూరప్రయాణాలకు మూత బిగించిన మరచెంబు తోడు వెళ్ళేది. ఇన్ని పనులు చేసిన వస్తువును ఎవరూ ప్రత్యేకించి చూసినట్లు కనబడదు. నిత్యం చేతికి అందే వస్తువుతో కంటికి పనిలేదు. చీకటిలో సైతం చేయి దాని మెడను వెదకి పట్టుకోగలదు. చేతికి బాగా తెలిసినదానిని కన్ను చూడటం మానివేస్తుంది.

కాలం మారింది. స్టీలు సామాను వచ్చింది. చింతపండుతో, బూడిదతో ఇత్తడిని తోమి తోమి అరచేతులు కాయలు కాచిన స్త్రీలను తలచుకొంటే ఆ మార్పును తప్పుపట్టలేము. ఆ తరువాత ప్లాస్టిక్ సీసా వచ్చింది. చెంబు మొదట వంటగది గూటిలోకి, అక్కడి నుండి అటక మీదికి చేరింది. ఎవరూ దానిని వెళ్ళగొట్టలేదు. దాని అవసరమే మెల్లమెల్లగా తప్పుకొన్నది.

ఆ కుటుంబం పాత పెంకుటింటిని విడిచి ఇప్పుడున్న ఫ్లాటుకు మారవలసిన రోజులు వచ్చాయి. క్రొత్త ఇంటికి అటక లేదు. అందుచేత గంగాళం, బిందెలు, పళ్ళేలు అన్నీ దించి వసారాలో పేర్చారు. పాత ఇత్తడి కొనే వర్తకునికి కబురు వెళ్ళింది. ఆదివారం వచ్చి తూచి తీసుకొని వెళతానని అతడు చెప్పాడు. ఆ కుప్పలో ఈ చెంబు కూడా ఉన్నది. ఇంటికి పెద్దదైన నాయనమ్మ అమ్మవద్దని అనలేదు, అమ్మమనీ అనలేదు. ఒక మధ్యాహ్నం ఆమె ఆ చెంబును చేతిలోకి తీసుకొని, కొంగుతో తుడిచి, మరల అక్కడే పెట్టి లోనికి వెళ్ళిపోయింది. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం బైపీసీ చదువుతున్న మనుమరాలు దానిని చూసింది.

ఆమెకు కారణం తెలియదు. అడగడానికి సాహసమూ కలగలేదు. "అమ్మేలోగా ఈ చెంబు బొమ్మ గీసుకుంటానమ్మా" అని మాత్రం తల్లితో అన్నది. "దానికింత శ్రమ ఎందుకు? ఫోనులో ఒక ఫొటో తీసుకుంటే సరిపోతుంది కదా" అన్నది తల్లి. ఆ మాట నిజమే. అమ్మాయి ఫొటో కూడా తీసింది. దానికి క్షణకాలం చాలింది. అది వేల ఫొటోల నడుమ ఎక్కడో ఉండిపోయింది. బొమ్మకు మాత్రం మూడు సాయంకాలాలు పట్టాయి. ఫొటోకు, బొమ్మకు గల తేడా పోలికలో లేదు, ఆ మూడు సాయంకాలాలలో ఉన్నది.

మొదటి సాయంకాలం ఆమె వృక్షశాస్త్రం రికార్డులో బొమ్మ వేసినట్లే వేసింది. రికార్డుకు కొన్ని నియమాలున్నాయి. పెన్సిలును సన్నగా చెక్కాలి, గీత తెగకూడదు, ఛాయలు పూయకూడదు. ఆమె ముందుగా స్కేలుతో నిలువుగా మధ్యరేఖ గీసి, ఎడమవైపు చెంబు వంపును కుడివైపు కొలిచినట్లు దింపింది. మూతి, మెడ, పొట్ట, అడుగు అన్నీ వాటి వాటి స్థానాలలో కుదిరాయి. దోషం వెదకినా దొరకని బొమ్మ అది. ఆమె ఎంతో సంబరంతో దానిని నాయనమ్మకు చూపింది. ఆమె కళ్ళద్దాలు సరిచేసుకొని చాలాసేపు చూసి, "బాగుందే తల్లీ. కాని ఇది మన చెంబు కాదు" అన్నది.

ఆ మాట అమ్మాయిని నొప్పించింది. కాని ఆలోచించగా అందులోని సత్యం బోధపడింది. ఆమె పీట మీది చెంబును చూసి గీయలేదు. చెంబు అంటే ఎలా ఉంటుందో తనకు ముందే తెలుసు కనుక ఆ తెలిసినదానిని గీసింది. అది ఏ కొట్టులోనైనా దొరికే చెంబు. మనుషులను చూసేటప్పుడు కూడా ఇదే పొరపాటు జరుగుతూ ఉంటుంది. నాయనమ్మ అనగానే నెరసిన జుట్టు, జపమాల, మోకాళ్ళ నొప్పి మనసులో మెదలుతాయి. ఆ బొమ్మ ఎదుటనున్న నాయనమ్మను కనబడనీయదు.

మరునాడు అమ్మాయి పుస్తకాల దుకాణంలో 4బి పెన్సిలు ఒకటి కొన్నది. పెన్సిలులోని నల్లని పుల్లను సీసమని పిలవడం వాడుకలో ఉన్నా, అది సీసం కాదు, గ్రాఫైట్. వజ్రం వలె అది కూడా కర్బనపు రూపమే. వజ్రంలో పరమాణువులు అన్ని దిక్కులా గట్టిగా బంధింపబడి ఉంటాయి. గ్రాఫైట్‌లో అవి పొరలుపొరలుగా ఉండి, పొర మీది నుండి పొర సులభంగా జారుతుంది. కాగితం మీద పెన్సిలు గీత అంటే అలా జారి నిలిచిన పొరలే. 1795లో ఫ్రాన్సు దేశీయుడు నికొలా జాక్ కాంటే గ్రాఫైట్ పొడిలో బంకమన్ను కలిపి కొలిమిలో కాల్చే పద్ధతిని కనుగొన్నాడు. మన్ను పాలు హెచ్చితే పుల్ల గట్టిపడి గీత పలుచనవుతుంది. గ్రాఫైట్ పాలు హెచ్చితే పుల్ల మెత్తబడి గీత చిక్కనవుతుంది. పెన్సిలు మీద కనిపించే హెచ్, బి అనే అక్షరాలు తెలిపేది ఈ భేదాన్నే. మన్నును, కర్బనాన్ని అగ్ని కలిపితే పెన్సిలు అయింది. రాగిని, తుత్తునాగాన్ని అగ్ని కలిపితే ఇత్తడి అయింది. నిప్పులో పుట్టిన ఒక వస్తువు నిప్పులో పుట్టిన మరొక వస్తువును గీయడానికి పూనుకొన్నది.

రెండవ సాయంకాలం ఆమె స్కేలును ప్రక్కన పెట్టింది. చెంబును పీట మీద నిలిపి, ఎదురుగా చాప మీద కూర్చున్నది. మొదటి కష్టం మూతి వద్దనే ఎదురైంది. చెంబు మూతి గుండ్రన అని బుద్ధికి తెలుసు. ప్రక్క నుండి చూసే కంటికి అది గణితంలో చెప్పే దీర్ఘవృత్తం వలె కనబడుతుంది. బుద్ధి చెప్పినట్లు గీస్తే మూతి పైకి లేచి నిలబడినట్లు ఉంటుంది. కన్ను చెప్పినట్లు గీస్తేనే అది చెంబుపై ఒదుగుతుంది. రెండవ కష్టం మెరుపు. పెన్సిలుకు తెలుపు లేదు. ఇత్తడి మీది మెరుపును గీయడానికి సాధనం ఏదీ లేదు. చుట్టూ ఛాయను చిక్కబరచి, వెలుగు ఉన్నచోట కాగితాన్ని ముట్టకుండా విడిచిపెట్టాలి. వెలుగును గీయలేము, దానికి చోటు విడువగలము. ఈ సంగతి ఆమెకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

అలా ఛాయలు వేస్తూ ఉండగా ఒకచోట చేయి ఆగింది. వెలుగు పడవలసిన ఎడమవైపు పొట్ట మీద అరచేతి మందాన ఒక నీడ ఉన్నది. ఆమె లేచి వెళ్ళి తడిమి చూసింది. అది సొట్ట. దానికి పైన, మెడకు దిగువగా, మెరుపు చిన్నచిన్న చుక్కలుగా పగిలి ఉన్నది. ఆ చుక్కలు అక్షరాలు. పూర్వం పెళ్ళికి, సారెకు ఇచ్చే సామాను మీద ఇచ్చినవారి పేరును సన్నని ఉలితో చుక్కలుగా కొట్టించే ఆచారం ఉండేది. ఏళ్ళ తరబడి తోమగా ఆ చుక్కలు అరిగి దాదాపు మాసిపోయాయి. పదిహేడేళ్ళుగా ఆ ఇంట పెరిగిన పిల్ల కంటికి ఆ సొట్ట, ఆ పేరు అంతవరకు ఆననే లేదు.

నాయనమ్మ అప్పటికి వచ్చి ప్రక్కన కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తున్నది. "నాయనమ్మా, ఇక్కడ ఇంత సొట్ట ఎలా పడింది?" అని అడిగింది అమ్మాయి, బొమ్మ మీది నుండి కన్ను ఎత్తకుండానే. ఎదురుగా నిలిచి, కళ్ళలోకి చూసి అడిగితే ఆమె చెప్పి ఉండేది కాదేమో. పని చేసుకొనే ఇద్దరి నడుమ ఉండే నిశ్శబ్దానికి ఒక శక్తి ఉన్నది. అది మాటను బలవంతపెట్టదు, దానికి దారి ఇస్తుంది.

"అన్నయ్య ఇచ్చిన చెంబే ఇది" అని నాయనమ్మ మొదలుపెట్టింది.

ఆమె పుట్టినిల్లు, అత్తవారిల్లు రెండూ కృష్ణాజిల్లా దివిసీమలో ఒకే ఊరు. పెళ్ళినాడు అన్నగారు తన పేరు కొట్టించి ఆ చెంబును సారెలో పెట్టాడు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచివేసింది. సముద్రం తాటిచెట్ల వరుసను దాటి ఊళ్ళ మీదికి వచ్చింది. ఆ తుపానులో సుమారు 10,000 మంది ప్రాణాలు కోల్పోయినట్లు లెక్క. ఆ రోజు గాలి ముదరగానే ఇంటివారు ఊరిలోని ఎత్తయిన డాబా మీదికి చేరారు. అన్న చెల్లెలిని డాబా ఎక్కించి, గొడ్లను కట్టువిప్పి వస్తానని వెళ్ళాడు. మరి తిరిగి రాలేదు. నీరు తీసిన తరువాత ఇల్లు ఉన్న చోట బురద మాత్రమే మిగిలింది. కొన్నాళ్ళకు ఒక పడిపోయిన తాటిబోదె క్రింద ఈ చెంబు దొరికింది. ఎవరి చెంబో అనుకొని ఆమె బురద తుడిచింది. వ్రేలి క్రింద అన్న పేరు తగిలింది.

"మా అన్నయ్యకు ఒక్క ఫొటో కూడా లేదే అమ్మాయీ. ఉన్నదల్లా ఈ చుక్కలే" అని ఆమె ఊరుకున్నది.

ఇన్నేళ్ళు ఆ ఇంటిలో ఎవరికీ ఈ సంగతి ఎందుకు తెలియలేదు? ఆమె దాచినది కాదు. చెంబును గురించి ఎవరూ అడగలేదు. దుఃఖాన్ని దినదినమూ తోమి, నీళ్ళు నింపి, వాడుకలో పెట్టుకొన్న మనిషి ఆమె. వాడుక పోయి అది అటక ఎక్కిననాడు ఏమీ అనలేదు, కుప్పలో చేరిననాడూ ఏమీ అనలేదు. తన దుఃఖం ఇల్లు సర్దే పనికి అడ్డు రాకూడదనుకొనే తరం అది.

మూడవ సాయంకాలం అమ్మాయి క్రొత్త కాగితం తీసుకొన్నది. మొదటిసారి తెలిసినదానిని గీసింది. రెండవసారి కనబడినదానిని గీసింది. ఇప్పుడు విన్నదానిని కూడా గీయవలసి ఉన్నది. దానికోసం ఆమె క్రొత్తగా చేర్చినది ఏమీ లేదు. బురదను, తాటిబోదెను, అలను బొమ్మలోకి తేలేదు. సొట్టను సొట్టగా, చుక్కలను చుక్కలుగా గీసింది, అంతే. అయితే సొట్ట వద్దకు వచ్చేసరికి పెన్సిలు మెల్లగా నడిచింది. పేరులోని అక్షరాలు పొట్ట వంపు వెంట తిరిగి వెనుకకు పోతాయి. కాబట్టి బొమ్మలో సగం పేరే కనబడింది. పేరంతా కనబడేటట్లు చెంబును త్రిప్పితే సొట్ట కనుమరుగవుతుంది. ఒకే చూపులో అంతా చూపడం ఏ బొమ్మకూ సాధ్యం కాదు. అమ్మాయి ఆ లోపాన్ని చెప్పబోతే, "మిగతా పేరు వెనకాల ఉందిలే, నాకు తెలుసుగా" అన్నది నాయనమ్మ.

ఇంటి వస్తువులను చిత్రించడం కొత్త విషయం కాదు. ఇటలీలోని బొలోన్యా నగరంలో జార్జో మొరాండీ అనే చిత్రకారుడు, 1890లో పుట్టి 1964లో మరణించినవాడు, తన చెల్లెళ్ళతో కలిసి ఒకే ఇంట జీవించి, పడకగదే పనిగదిగా సీసాలను, కూజాలను, డబ్బాలను జీవితకాలమంతా గీశాడు. అవే వస్తువులను కొద్దిగా జరిపి మరల మరల గీసేవాడు. రెండు సీసాల నడుమ ఎంత ఎడం ఉండాలో తేల్చుకోవడం ఆయనకు పెద్ద సమస్య. ప్రపంచమంతా తిరగకుండానే, బల్ల మీది నాలుగు వస్తువుల వద్ద నిలిచి, ఆయన ప్రపంచం మెచ్చిన చిత్రకారుడయ్యాడు. చూపుకు లోతు ఉంటే వస్తువు చిన్నదయినా కొరత లేదు.

చెంబునే ప్రత్యేకంగా చూసిన విదేశీయులు కూడా ఉన్నారు. భారత ప్రభుత్వ ఆహ్వానంపై అమెరికా దేశీయులైన ఛార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు మన దేశమంతా తిరిగి 1958లో ఒక నివేదిక సమర్పించారు. 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడటానికి ఆ నివేదిక ఒక ప్రేరణ. ఈ దేశంలో తాము చూసిన వస్తువులన్నింటిలో వారు ఎక్కువగా కొనియాడినది నిత్యం వాడే లోటాను, అంటే మన చెంబును. దానిని రూపొందించినవాడు ఏ ఒక్కడూ కాదనీ, తరతరాల మనుషులు కలిసి దానికి ఆ రూపం ఇచ్చారనీ వారు గుర్తించారు. అటువంటి వస్తువును రూపొందించాలంటే ఏయే సంగతులు ఆలోచించాలో ఒక పట్టికగా వ్రాశారు. అందులో నీటి పరిమాణం, చేతికి ఒదిగే తీరు, ధార పడే తీరు ఉన్నాయి. చివరకు పాత లోహంగా దానికి వచ్చే వెల కూడా ఉన్నది. దానితోపాటు, అటువంటి వస్తువు మనదై ఉండటం, దానిని అమ్మడం, ఒకరికి ఇవ్వడం ఎలా ఉంటాయన్న ప్రశ్న కూడా ఉన్నది.

ఆ ఇంటి ముందు ఆదివారం నాటికి నిలిచినది సరిగ్గా ఆ ప్రశ్నే. వర్తకుడు త్రాసు తెచ్చాడు. గంగాళం, బిందెలు తూకానికి వెళ్ళాయి. ఇంటిలో అందుకు ఎవరూ బాధపడలేదు, అన్నింటినీ మోయడం ఎవరికీ సాధ్యం కాదు. చెంబు వద్దకు వచ్చేసరికి తండ్రి దానిని ప్రక్కకు తీసి, "అమ్మా, ఇది నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు. నాయనమ్మ కొంతసేపు మౌనంగా ఉండి, ఎవరూ అనుకోని మాట చెప్పింది. ఉప్పెన వచ్చిననాడు ఆమె వదినగారు పురిటికి పుట్టింటికి వెళ్ళి ఉన్నది. తండ్రి పోయిన తరువాత పుట్టిన ఆ బిడ్డ ఇప్పుడు యాభై ఏళ్ళకు చేరువవుతున్నాడు. తండ్రి ముఖం అతడు ఎన్నడూ ఎరుగడు. "వాళ్ళ నాన్న చేతి వస్తువు ఇదొక్కటే మిగిలింది. నా మేనల్లుడికి ఇవ్వాలి. నేను దాచుకుంటే నాతో పోతుంది" అన్నది ఆమె.

వారం తిరిగేలోగా ఆ మేనల్లుడు వచ్చాడు. మేనత్త చేతుల మీదుగా చెంబును అందుకొని, అరిగిన చుక్కల మీద బొటనవ్రేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కొన్నాడు. తన పేరు ముందు ప్రతి కాగితం మీదా వ్రాసుకొంటూ వచ్చిన తండ్రి పేరే అది. దానిని చేతితో తాకడం మాత్రం అతనికి అదే మొదటిసారి. ఆ రోజు ఇంటిలో ఎక్కువ మాటలు సాగలేదు.

చెంబు వెళ్ళిపోయింది. బొమ్మ మిగిలింది. బొమ్మలో నీళ్ళు పట్టవు, దానిని తాకితే చల్లగా ఉండదు, మీటితే మ్రోగదు. వస్తువుకు బొమ్మ ఎన్నటికీ సాటిరాదు. అయినా ఆ బొమ్మ గీయబడకపోతే ఆ చెంబు తూకానికి పోయి, ఎక్కడో కరిగి, మరొక వస్తువై ఉండేది. సగం మాసిన ఒక పేరు దానితోపాటు కరిగిపోయి ఉండేది. ఆ బొమ్మ చెంబును నిలిపి ఉంచలేదు కాని, అది చేరవలసిన చోటికి చేర్చింది. ఒక వస్తువును రెండు గడియలు కుదురుగా చూడటం వలన కలిగిన ఫలితం ఇది.

చిత్రానికి చట్రం కట్టించక ముందు నాయనమ్మ దానిని ఒడిలో పెట్టుకొని, అలవాటు చొప్పున సొట్ట ఉన్నచోట వ్రేలితో నిమిరింది. 4బి పెన్సిలు ఛాయ మెత్తనిది. అది చెదిరి, సొట్ట ప్రక్కన తెల్లగా విడిచిన వెలుగు మీద మసక మరక ఒకటి పడింది. ఆమె వ్రేలికొన నల్లబడింది. "అయ్యో, పాడుచేశానా?" అని ఆమె కంగారుపడింది. అమ్మాయి రబ్బరు అందుకొన్నది. ఒక క్షణం మరకను చూసి, రబ్బరును మరల పెట్టెలో పెట్టివేసింది.

ఆ మరక ఈనాటికీ అలాగే ఉన్నది. దూరం నుండి చూసేవారికి అది కాగితపు లోపం వలె కనిపిస్తుంది. దగ్గరకు వెళ్ళి కాసేపు నిలిచి చూస్తే, అందులో వ్రేలిముద్ర గీతలు స్పష్టంగా కనబడతాయి.